ఏ అప్పు ముందు?

మా ఇంటి అప్పులన్నీ ఒకే చోట, ఒకే పుస్తకంలో, 2021 జూన్ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటిసారి రాసుకున్నాము. అంతకు ముందు అప్పులు లేవని కాదు. ఎవరి అప్పు వారి మనసులో ఉండేది. మా ఆయనకు తెలిసినవి నాలుగు, నాకు తెలిసినవి అయిదు, అత్తయ్యకు తెలిసినది మా ఇద్దరికీ తెలియనిది ఒకటి. ఆవిడ వీధి చివరి కిరాణా కొట్టులో ఖాతా పెట్టి, మందుల డబ్బు మిగిల్చి నెల నెలా కొంత కడుతూ వచ్చారు. ఆ ఖాతా 9,400 రూపాయలకు చేరినట్టు ఆ రోజే బయటపడింది. నేను దాచినదీ ఒకటి ఉంది. వారం వారం కట్టే గ్రూపు అప్పు నా పేరు మీద తీసుకున్నానని మా ఆయనకు తెలుసు గాని, అది ఎంత మిగిలి ఉందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, బంధుత్వాలు మాత్రం అటూ ఇటూ ఉండిపోయాయి. అప్పులూ అలాగే. మా ఆయన ఇక్కడి ఒక రైసు మిల్లులో గుమాస్తా. అప్పటి జీతం 24,500. నేను ఒక ప్రైవేటు బడిలో ఆరు వేలకు పాఠాలు చెప్పేదాన్ని. 2019 మొదట్లో మామయ్యగారికి పక్షవాతం రావడంతో మానేశాను. ఆయన పోయాక తిరిగి వెళ్దామంటే అప్పటికే కరోనాతో బడులు మూతపడి ఉన్నాయి. ఒక్క జీతం మీద ఇల్లు గడవడం మేము ఎంచుకున్నది కాదు, వచ్చి పడినది. "నువ్వూ ఏదైనా చేయకూడదా" అని సలహా ఇచ్చిన వారికి నేను లెక్క చెప్పడం మానేశాను.

పుస్తకంలో రాసుకున్న వరుస ఇది. 2017 చివర్లో మా ఆడపడుచు పెళ్లికి బ్యాంకులో తీసుకున్న లక్షన్నరలో 68,000 మిగిలి ఉంది, నెలకు 3,400 వాయిదా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఇంటి కప్పు ఎగరగొట్టినప్పుడు గుణుపురంలో ఉండే మా ఆయన మేనమామ ఇచ్చిన 80,000 ఉంది. దానికి కాగితమూ లేదు, వడ్డీ లేదు, గడువు లేదు. 2019 ఫిబ్రవరిలో మామయ్యగారి వైద్యానికి పాతపట్నంలో ఒక వడ్డీ వ్యాపారి దగ్గర నోటు రాసి తెచ్చినది 1,20,000, నూటికి మూడు రూపాయలు. ఆ తరువాత మందులకని పాడుకున్న చీటీకి ఇంకా పద్నాలుగు నెలలు, నెలకు మూడు వేల చొప్పున 42,000 కట్టాలి. 2020 సెప్టెంబరులో, మామయ్యగారి దినకార్యాలకూ అప్పటికి పేరుకున్న బాకీలకూ నా గాజులూ నల్లపూసలూ బ్యాంకులో పెట్టి తెచ్చినది 1,10,000. గ్రూపు అప్పులో మిగిలినది 26,000. ఆపైన కిరాణా ఖాతా. మొత్తం 4,55,400.

ఈ పట్టికలో చీటీని రాయడానికి మా ఆయన ఒప్పుకోలేదు. "అది అప్పేమిటి, మనం కట్టుకునే పొదుపు కదా" అన్నారు. చీటీ పాడుకోనంత వరకే అది పొదుపు. పాడుకుని డబ్బు ఇంటికి తెచ్చి ఖర్చు పెట్టిన మరునాటి నుంచి అది నికరమైన అప్పు. మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో అప్పుల లెక్క తప్పడానికి కారణం ఇదేనని నా అనుమానం. అయితే ఆ అప్పుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. సొమ్ము ముందుగా తీసుకోవడానికి పాటలో వదులుకున్నది తిరిగి రాదు కనుక, మిగిలిన వాయిదాలు ముందే కట్టేసినా మనకు కలిసొచ్చేది ఏమీ ఉండదు. అందుచేత దాన్ని రాసి, దాని గడువు వరకూ అలాగే కట్టాలని ఊరుకున్నాము.

మామయ్యగారి వైద్యం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సరిహద్దున బతికే వారి అప్పులో సరిహద్దుకు కూడా వాటా ఉంటుంది. మాకు బరంపురం పెద్దాసుపత్రి కంటే శ్రీకాకుళం దగ్గర. రాత్రి పది గంటలకు మనిషి కుడివైపు చచ్చుబడి మాట పడిపోతే ఎవరైనా దగ్గరి దారే పడతారు. మేమూ అటే వెళ్లి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. అక్కడ ఆరోగ్యశ్రీ కార్డు అడిగారు. అప్పటికి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా జనం నోట ఆరోగ్యశ్రీయే; అది ఆంధ్ర ప్రభుత్వ పథకం, మా రేషను కార్డు ఒడిశాది. ఒడిశాలో 2018 ఆగస్టులో మొదలైన బిజూ స్వాస్థ్య కల్యాణ యోజన గురించి మాకు అప్పటికి వినికిడి తప్ప వివరం తెలియదు. ఆ రాత్రి మాట్లాడేది తెలుగే, అడిగేదీ తెలుగే, కాని కార్డు మాత్రం పరాయిది. పదకొండు రోజుల బిల్లు కట్టడానికి నోటు రాశాము.

నెలకు పోయేది లెక్క కట్టాను. నోటు వడ్డీ 3,600, బ్యాంకు వాయిదా 3,400, చీటీ 3,000, గ్రూపుకు వారానికి 680 చొప్పున ఇంచుమించు 2,950. కలిపి 12,950. జీతంలో సగానికి పైగా ఇంటి గడప దాటకుండానే వెళ్లిపోతున్నది. బంగారం వడ్డీ ఏడాదికి ఒకసారి కనుక ఇందులో చేరలేదు. మిగిలిన పదకొండున్నర వేలలో అయిదుగురి తిండి, ఇద్దరు పిల్లల చదువు, అత్తయ్య రక్తపోటు మందులు, కరెంటు, గ్యాసు. గట్టిగా పట్టుకుంటే నెలకు రెండు వేలు మిగలవచ్చు. ఆ రెండు వేలను ఏ అప్పు మీద వెయ్యాలన్నదే మా ఇంట్లో నాలుగేళ్ల పాటు నడిచిన వాదం.

మా ఆయన మాట ఒక్కటే: ముందు గుణుపురం మావయ్యది తీర్చాలి. "వడ్డీ వాడి ముందు తలెత్తుకుని నిలబడగలను, నెల నెలా వాడికి ఇస్తున్నాను కనుక. మావయ్య ముందు నిలబడలేకపోతున్నాను" అనేవారు. ఆ రెండేళ్లలో గుణుపురం వైపు రైలు ఎక్కడమే ఆయన మానేశారు. నా మాట వేరు. నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నది, ఏడాదికి ముప్పై ఆరు శాతం. అక్కడ తగ్గించిన ప్రతి వెయ్యీ నెలకు ముప్పై రూపాయలు తిరిగి తెస్తుంది. మావయ్య దగ్గర తగ్గించిన వెయ్యి ఏమీ తేదు. లెక్క ప్రకారం నాదే సరి. ఆయన బాధ లెక్కలోకి రాదు. చివరికి అత్తయ్యే తమ్ముడికి ఫోను చేసి, నీది ఆఖరున ఇస్తామురా అని నేరుగా చెప్పేశారు. అవతలి నుంచి ఆయన, "నేను అడిగానా అక్కా" అన్నారట. ఆ మాటను మేము గడువు లేదన్నట్టుగా తీసుకున్నాము. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

కాని మొదట తీర్చినది నోటునూ కాదు, మావయ్యదీ కాదు, కిరాణా ఖాతాను. వడ్డీ లేని, అన్నిటికంటే చిన్నదైన ఆ అప్పును ముందు తీర్చడం నా సూత్రానికే విరుద్ధం. అయితే ఖాతా ఉన్న కొట్టులో ధర అడగడానికి నోరు రాదు. కందిపప్పు ఎంతకు రాసుకున్నాడో నెలాఖరున గాని తెలియదు; తెలిసినా మాట్లాడలేము, ఎందుకంటే పాత బాకీ ఉంది. అయిదు నెలల్లో అది తీరిపోయాక, నగదుకు నలుగురి దగ్గరా అడిగి కొనడం మొదలుపెట్టాక, నెల సరుకుల్లో నాలుగైదు వందల తేడా కనిపించింది. పట్టికలో వడ్డీ లేదని రాసుకున్న అప్పుకు వడ్డీ పప్పులో, నూనెలో కడుతూ వచ్చామన్నమాట.

ఈలోగా 2021 సెప్టెంబరులో బంగారం అప్పు మెడకు చుట్టుకుంది. బ్యాంకుల్లో ఇలాంటి అప్పు చాలావరకు ఏడాది గడువుతో ఇస్తారు. గడువు నాటికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చునని అందరిలాగే మేమూ ధీమాగా ఉన్నాము. మేము పెట్టినప్పటి పరిస్థితి వేరని అప్పుడు తెలిసింది. కరోనా కష్టకాలమని రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టు నుంచి బంగారం విలువలో 90 శాతం వరకు అప్పు ఇవ్వడానికి బ్యాంకులకు వీలు కల్పించింది. ఆ వెసులుబాటు 2021 మార్చి 31తో ముగిసి మామూలు 75 శాతానికి వచ్చింది. పైగా మేము పెట్టినప్పుడు ఆకాశంలో ఉన్న ధర ఏడాది తిరిగేసరికి దిగింది. హద్దూ తగ్గి, ధరా తగ్గితే అదే గాజులకు వచ్చే అప్పు 86,000 మాత్రమే. తేడా 24,000, ఏడాది వడ్డీ మరో 9,900, కలిపి ముప్పై నాలుగు వేలు పది రోజుల్లో కట్టకపోతే వేలం నోటీసు వస్తుందని కౌంటరు దగ్గర చెప్పారు. ఏడాది కిందట అప్పు ఇచ్చేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఎక్కువ ఇస్తున్నారని సంతోషించామే తప్ప మేమూ అడగలేదు.

ఆ పది రోజుల్లో ఆదుకున్నది మా వీధి మహిళా సంఘం. ఇక్కడ ఒక మాట. మా వైపు "గ్రూపు" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులను పిలుస్తారు. ఒకటి 2001లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ శక్తి కింద నడిచే పొదుపు సంఘం. పది మందీ దాచుకున్నదే పది మందికీ తిరిగి అప్పుగా తిరుగుతుంది. రెండవది మైక్రోఫైనాన్సు కంపెనీ కట్టించే గుంపు. అందులో పొదుపు లేదు, ఒకరి వాయిదాకు మిగతా వారు పూచీ, వారం వారం సమావేశం. నదికి అవతల 2010లో ఆంధ్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ కంపెనీల వసూళ్లకు కళ్లెం వేసింది. నదికి ఇవతల అది చెల్లదు కనుక మా వీధుల్లో ఆ మోటారు సైకిళ్లు తిరుగుతూనే ఉన్నాయి. నాకు రెండింటిలోనూ పేరు ఉండేది. పొదుపు సంఘం నుంచి నూటికి రూపాయి వడ్డీకి 25,000, మిల్లు యజమాని దగ్గర జీతంలో బయానా 9,000. బంగారం వేలానికి పోకుండా ఆగింది.

నోటు అప్పు మాత్రం అలాగే ఉంది. కరోనా నెలల్లో బ్యాంకు వాయిదాలను 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ఆపుకోవచ్చునన్నప్పుడు మేము ఆపుకున్నాము. ఆరు వాయిదాలు చివరికి జరగడమే కాక వాటి మీద వడ్డీ చేరి సుమారు రెండున్నర వాయిదాలు అదనంగా పడ్డాయి. ఆ తరువాత వడ్డీ మీద వడ్డీ తిరిగి ఇస్తున్నామని ప్రభుత్వం ప్రకటిస్తే ఆశగా పాసుపుస్తకం అచ్చు వేయించుకున్నాము. మాకు పడినది రెండు వందలు కూడా కాదు. నోటు వ్యాపారికి ఈ ప్రకటనలేవీ వర్తించవు. వంతెన మీద పోలీసు కర్రలు అడ్డంగా కట్టిన రోజుల్లో కూడా ఫోనులో వడ్డీ పంపించాము. 2022 జనవరిలో ఆయన పిలిచి కొత్త నోటు రాయించుకున్నాడు. నోటుకు మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు కనుక వ్యాపారులు ఆ తేదీని పండుగ తేదీలా గుర్తు పెట్టుకుంటారు. పాత నోటును మా కళ్ల ముందు చింపించాలని అత్తయ్య పట్టుబట్టారు. ఆ పట్టుదల లేకపోతే రెండు నోట్లూ బతికే ఉండేవి.

అసలులో కొంచెం కొంచెంగా తగ్గిస్తామంటే ఆ వ్యాపారి ఒప్పుకోలేదు. ఇరవై వేలకు తక్కువైతే ముట్టనన్నాడు. ఇది చాలామంది ఎరిగిన ఎత్తు. చిన్న మొత్తాలు ఇంట్లో నిలవవని వారికి తెలుసు. అందుకే పోస్టాఫీసులో అత్తయ్య పేరు మీద ఒక పొదుపు ఖాతా తెరిచి, పుస్తకం ఆవిడ దగ్గరే ఉంచాము. 2022 మార్చితో గ్రూపు అప్పు తీరింది. తీరిన వారమే ఆ కంపెనీ కుర్రాడు అరవై వేలు ఇస్తామని ఇంటికి వచ్చాడు. కుటుంబ వాయిదాలన్నీ కలిసి నెల ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు కొత్త నియమం ఆ ఏప్రిల్ 1 నుంచే అమలులోకి వచ్చింది. కాని నోటూ చీటీ ఏ కంప్యూటరులోనూ కనిపించవు కదా. అతని లెక్కలో మేము తేలిగ్గా అప్పు ఇవ్వదగిన ఇల్లు. కాఫీ ఇచ్చి పంపించాము. ఆగస్టులో చీటీ తీరింది. అలా ఖాళీ అయిన వాయిదాను ఇంటి ఖర్చులోకి రానివ్వకుండా పోస్టాఫీసుకు మళ్లించడమే మేము చేసిన పని అంతా. సెప్టెంబరులో మొదటి ఇరవై వేలు పట్టుకెళ్లి, నోటు వెనుక చెల్లు వేయించి, సంతకం, తేదీ చూసుకుని వచ్చాము. వడ్డీ 3,600 నుంచి 3,000కు దిగింది. ఆ రోజు వరకు నలభై మూడు నెలలకు కట్టిన వడ్డీ 1,54,800. అసలు 1,20,000లో పైసా తగ్గలేదు. ఈ అంకెను మా ఆయనకు చూపించిన తరువాత మావయ్య మాట కొన్నాళ్లు ఎత్తలేదు.

ఇంట్లో ఏమి తగ్గించుకున్నారని అడుగుతారు. తిండి తగ్గించలేదు, తగ్గించడానికి అందులో ఉన్నదీ లేదు. సరిహద్దు ఊరు కనుక పెట్రోలు ఇటు కొంత చవక, కొన్ని సామాన్లు అటు చవక అని తిరిగితే మిగిలేది మోటారు సైకిలు అరుగుదలకు సరిపోతుంది. నిజంగా తగ్గించినది చదివింపులు. మామయ్యగారి కాలం నుంచి ఒక చదివింపుల పుస్తకం ఉంది, ఎవరింటి పెళ్లిలో ఎంత, మనింటికి ఎంత వచ్చింది అని. దాని ప్రకారం 1,116 ఇవ్వవలసిన చోట 516 ఇచ్చాము. ఎవరూ మొహం మీద అనలేదు గాని, ఒక పెళ్లిలో పేరు చదివేవాడు మా అంకె దగ్గర గొంతు తగ్గించాడు. అప్పు తీర్చిన నాలుగేళ్లలో నాకు కంటనీరు తెప్పించినది అదొక్కటే.

2023 ఏప్రిల్ నాటికి నోటు 60,000కు దిగింది. ఆ ఏడాది జూన్‌లో మావయ్య కూతురికి సంబంధం కుదిరింది. ఆయన అడగలేదు. అత్తయ్య తోటికోడలు ద్వారా తెలిసినదేమంటే, ఆయన తన పొలం కాగితాలు పట్టుకుని నూటికి రెండు రూపాయల అప్పు కోసం తిరుగుతున్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ సరిగా భోజనం చేయలేదు. "వడ్డీ లేదంటే ఊరికే ఉన్నట్టేటమ్మా?" అన్నారు అత్తయ్య, నన్ను చూసి కాదు, గోడను చూసి. నా పట్టికలో ఆ గడి ఎదుట సున్నా రాసుకున్నాను. ఆ సున్నా మాకు, ఆయనకు కాదు. అయిదేళ్లు ఎనభై వేలు లేక ఆయన ఏమి వాయిదా వేసుకున్నారో, ఏ అప్పు చేశారో నా లెక్కలో ఎక్కడా లేదు. గడువు లేని అప్పుకు గడువు ఇచ్చినవాడి అవసరం రూపంలో ఒక్కసారిగా వస్తుంది, పది రోజుల వ్యవధితో వస్తుంది. మొదటి నుంచీ నెలకు అయిదు వందలైనా పంపి ఉంటే, నోటు తీరడం రెండు మూడు నెలలు ఆలస్యమయ్యేది, అంతే. మా ఆయన వాదన సిగ్గు గురించి అనుకున్నాను గాని, అందులో ఈ సంగతి కూడా ఉందేమో, ఆయనకు చెప్పడం రాలేదేమో.

నలభై వేలు సమకూర్చాము. పోస్టాఫీసులో పన్నెండు, మిల్లులో మళ్లీ బయానా ఎనిమిది. మిగిలిన ఇరవై ఎక్కడివంటే, 2021లో మమ్మల్ని ఏడిపించిన గాజులే ఇచ్చాయి. బంగారం ధర అప్పటికి బాగా పెరిగి ఉండడంతో పాత అప్పు మూసి కొత్తగా రాయిస్తే 86,000 కాస్తా 1,06,000 అయింది. అప్పు తీర్చడానికి అప్పు చేయడమే ఇది, కాదనను. ఏడాదికి తొమ్మిది పది శాతం మీద తెచ్చి, మనకు పెట్టిన మనిషి ఇరవై నాలుగు శాతానికి పోకుండా ఆపడం ఆ రోజున నాకు తప్పనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

ఆ తరువాతి కథ త్వరగా నడిచింది. బ్యాంకు వాయిదా, సంఘం అప్పు రెండూ ఆ వేసవికే తీరాయి. జీతం 27,000 అయింది. ధాన్యం కొనుగోళ్ల నెలల్లో మిల్లులో రాత్రి పని దొరికింది. 2024 ఫిబ్రవరిలో నోటు వెనక్కి తెచ్చుకున్నాము. సరిగ్గా అయిదేళ్లు. ఆ వ్యాపారి మంచినీళ్లు ఇప్పించి, అవసరమైతే మొహమాటం లేకుండా రమ్మని మర్యాదగా సాగనంపాడు. 2025 సంక్రాంతికి ముందు గాజులూ నల్లపూసలూ విడిపించుకున్నాము. ఆ ఏడాదే బంగారం పది గ్రాములు లక్ష దాటింది. అప్పటి నుంచి అదే బంగారం మీద ఇంతకంటే ఎక్కువ అప్పు ఇస్తామంటూ ఫోనుకు సందేశాలు వస్తూనే ఉన్నాయి.

మావయ్యకు ఇవ్వవలసిన మిగతా నలభై వేలలో ఇరవై ఎనిమిది వేలు చేరాయి. పెద్దవాడు ప్లస్ టూలో చేరడంతో రెండు నెలలు ఆగింది, ఆ సంగతి ముందే ఫోను చేసి చెప్పాము. ఇంకా పన్నెండు వేలు ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఆయన గుణుపురం ప్యాసింజరు ఎక్కి స్వయంగా ఇచ్చి వస్తున్నారు. ఫోనులో పంపవచ్చు కదా, టికెట్టు ఖర్చు దేనికని నేను ఒకసారి అన్నాను, ఆ తరువాత అనలేదు.